జడవాయువుల ఘోటక బ్రహ్మచర్యం

జినాన్ డైఫ్లోరైడ్‌లో సంకరీకరణం ఏమిటని వైవాలో అడిగితే మనవాళ్ళు తడుముకోకుండా "ఎస్‌పి3డి సార్" అంటారు. టెట్రాఫ్లోరైడ్‌లోనో? "ఎస్‌పి3డి2 సార్." అడిగినవారికీ తృప్తి, చెప్పినవారికీ తృప్తి. విద్యార్థిగా ఉన్నప్పుడు నేనూ అలాగే చెప్పాను. ఉద్యోగంలో చేరాక చాలా ఏళ్ళు అలాగే చెప్పించాను.

రెండేళ్ళ క్రితం ఫైనలియర్ క్లాసులో ఒక అమ్మాయి లేచి, "సార్, జినాన్‌లో 5డి ఆర్బిటాళ్ళు 5పి కంటే ఎంత పైన ఉంటాయి?" అని అడిగింది. "చాలా పైన" అన్నాను. "చాలా అంటే ఎంత సార్?" అంది. అంకె నా దగ్గర లేదు. రేపు చెబుతానని బోర్డు తుడిచేశాను. ఆ రాత్రి పుస్తకాలు తిరగేస్తే దొరికిన అంకె నన్ను ఇబ్బందిలో పెట్టింది. ఆ ఇబ్బంది గురించే ఈ వ్యాసం.

అంకె సంగతి కాసేపట్లో చెబుతాను. ముందు ఈ వాయువుల పుట్టుపూర్వోత్తరాలు కొంచెం చూడాలి. ఎందుకంటే వీటి బంధాల విషయంలో జరిగిన పొరపాటు ఒకటి కాదు, రెండు. రెండోది మొదటిదానికి తోబుట్టువు.

ఈ కుటుంబంలో మొదట కనబడినవాడికి మన ప్రాంతంతో చుట్టరికం ఉంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం మన కోస్తా మీదుగా సాగినప్పుడు, ఫ్రాన్సు నుంచి వచ్చిన జాన్సెన్ గుంటూరులో మకాం వేసి, సూర్యుడి అంచున లేచే జ్వాలల వర్ణపటాన్ని పరిశీలించాడు. మచిలీపట్నంలో పాగ్‌సన్ కూడా పరిశీలించాడు. అక్కడ కనబడిన పసుపుపచ్చని గీత సోడియానిది కాదని, భూమిమీద అప్పటికి ఎవరూ ఎరగని మూలకానిదని తేల్చినవాడు ఇంగ్లండులోని లాక్యర్. సూర్యుడి పేరుమీద దానికి హీలియం అని పేరొచ్చింది. భూమిమీద దాన్ని పట్టుకున్నది మాత్రం 1895లో రామ్సే.

అంతకు ముందటి ఏడే, 1894లో, రేలీ, రామ్సే కలిసి ఆర్గాన్‌ను కనుక్కున్నారు. గాలినుంచి తీసిన నైట్రోజన్, రసాయనికంగా తయారుచేసిన నైట్రోజన్ కంటే నూటికి అరపాలు బరువెక్కువ తూగింది. ఆ అరపాలు తేడాను "తూకంలో పొరపాటు" అని రేలీ సరిపెట్టుకోలేదు. అప్పటికి నూరేళ్ళు దాటిన పాత ముచ్చట ఇంకొకటి ఉంది: 1785లో కావెండిష్ గాలిలోని నైట్రోజన్‌నంతా నిప్పురవ్వలతో హరించివేస్తే చివర ఒక చిన్న బుడగ మిగిలిపోయింది. ఎంత ప్రయత్నించినా అది దేనితోనూ కలవలేదు. ఆ బుడగే ఆర్గాన్. 1898లో క్రిప్టాన్, నియాన్, జినాన్ వరసగా బయటపడ్డాయి. గ్రీకులో ఆర్గాన్ అంటే సోమరి, జినాన్ అంటే పరాయివాడు. పేర్లు పెట్టడంలోనే తీర్పు చెప్పేశారన్నమాట.

ఆ తీర్పుకు సాక్ష్యం లేకపోలేదు. ఫ్లోరిన్‌ను మొదటిసారి విడదీసిన మోయ్‌సాన్‌కు రామ్సే ఆర్గాన్ పంపించాడు. ఫ్లోరిన్ అంటే ఎవరినైనా కరిచే రకం. మోయ్‌సాన్ రెండింటినీ కలిపి, నిప్పురవ్వలు కూడా ప్రయోగించి చూశాడు. ఏమీ జరగలేదు. ఆర్గాన్‌మీద జరిగిన ఈ ప్రయోగం ఫలితాన్ని తక్కిన తమ్ముళ్ళందరికీ అంటగట్టారు. అసలు చిక్కు ఇక్కడే మొదలైంది.

1916లో కాసెల్, లూయిస్ వేలన్సీకి ఎలక్ట్రాన్ అర్థం చెప్పారు. బయటి కర్పరంలో ఎనిమిది ఎలక్ట్రాన్లు నిండితే స్థిరత్వం, నిండనివాళ్ళు ఇచ్చిపుచ్చుకునో, పంచుకునో నింపుకుంటారు. చాలా అందమైన సూత్రం, కర్బన రసాయనం సగం దానిమీదే నడుస్తుంది. ఈ సూత్రం ప్రకారం జడవాయువులు పుట్టుకతోనే అష్టైశ్వర్యాలు కలవాళ్ళు. అష్టైశ్వర్యాలు ఉన్నవాడికి పెళ్ళిబేరాలెందుకు అని మనవాళ్ళు అనుకున్నారు. ఇతర మూలకాల ప్రవర్తనకు గుర్తుగా పెట్టుకున్న ఎనిమిది, క్రమంగా ఈ మూలకాలకు శాసనమై కూర్చుంది. విచిత్రమేమంటే, కాసెల్ తానే 1916లో జినాన్, క్రిప్టాన్ ఫ్లోరిన్‌తో కలిసే అవకాశముందని రాశాడు. సూత్రం చెప్పినవాడు గడప దాటడానికి సిద్ధంగా ఉన్నాడు. పాఠ్యపుస్తకాలు సిద్ధంగా లేవు.

మన భాషలో ఘోటక బ్రహ్మచర్యం అనే మాట ఉంది. గుర్రం బ్రహ్మచారిగా ఉండటం నిష్ఠవల్ల కాదు, జత దొరక్క. జినాన్‌ది సరిగ్గా అటువంటి బ్రహ్మచర్యం.

జత కుదర్చడానికి 1933లో ఒక గట్టి ప్రయత్నం జరిగింది. లైనస్ పౌలింగ్ జినాన్ హెక్సాఫ్లోరైడ్, క్రిప్టాన్ హెక్సాఫ్లోరైడ్ ఉండాలని ఊహించాడు. కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఆయన సహచరుడు యోస్ట్, విద్యార్థి కేయీ కలిసి క్వార్ట్జ్ పాత్రలో జినాన్, ఫ్లోరిన్ నింపి విద్యుత్ ఉత్సర్గం పంపారు. ఫ్లోరిన్ క్వార్ట్జ్‌ను తిన్నది. జినాన్ ఫ్లోరైడ్ దొరికిందని చెప్పడానికి ఆధారం దొరకలేదు. కోటి పాళ్ళ గాలిలో జినాన్ ఒక పాలు కూడా ఉండదు, ఆ రోజుల్లో అది బంగారం కంటే అపురూపం. ఫ్లోరిన్‌ను మచ్చిక చేసుకునే నికెల్, మోనెల్ పరికరాలు రెండో ప్రపంచయుద్ధంలో యురేనియం హెక్సాఫ్లోరైడ్ పనితోగాని చేతికి రాలేదు. అందుచేత వాళ్ళను తప్పుపట్టడానికి లేదు. కాని ఒక సంగతి తలచుకుంటే మనసు చివుక్కుమంటుంది. తరువాతి కాలంలో తెలిసిందేమంటే, బాగా ఆరబెట్టిన పైరెక్స్ గాజు బల్బులో జినాన్, ఫ్లోరిన్ కలిపి ఎండలో పెడితే చాలు, జినాన్ డైఫ్లోరైడ్ స్ఫటికాలు గోడలకు అంటుకుంటాయి. కాలిఫోర్నియాలో ఎండకు కొదవా?

ఆ తరువాత ముప్ఫై ఏళ్ళు ఎవరూ గట్టిగా ప్రయత్నించలేదు. "పౌలింగ్ వంటివాడు చెబితేనే కాలేదు" అన్నది ఎనిమిదికి తోడైంది.

ఇక నీల్ బార్ట్‌లెట్. కెనడాలో వాంకూవరులోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో పనిచేసేవాడు. జడవాయువులకోసం బయల్దేరినవాడు కాదు. ప్లాటినం ఫ్లోరైడ్లతో కుస్తీ పడుతుంటే గాజు పరికరంలో ఒక ఎర్రటి ఘనపదార్థం అడ్డుపడుతూ వచ్చింది. మామూలుగా అయితే మలినం అని గీకి పారేస్తాం. ఆయన దాన్ని పట్టుకుని పరిశోధించి, అది ఆక్సిజన్ అణువు ధనాయానంగా మారి ప్లాటినం హెక్సాఫ్లోరైడ్‌తో ఏర్పరచిన లవణం అని తేల్చాడు. అంటే ప్లాటినం హెక్సాఫ్లోరైడ్ సాక్షాత్తు ఆక్సిజన్ నుంచే ఎలక్ట్రాన్ లాక్కుందన్నమాట! మనం ఆక్సీకరణి అని పేరు పెట్టుకున్నదాన్నే ఆక్సీకరణం చేసిన మొనగాడు.

తరువాత ఒకరోజు క్లాసుకు పాఠం తయారుచేసుకుంటూ, అయనీకరణ శక్తుల గ్రాఫు చూస్తున్నాడు. ఆక్సిజన్ అణువుకు 12.2 ఎలక్ట్రాన్ ఓల్టులు. జినాన్‌కు 12.13. ఈ రెండంకెలూ ఆనాటికి ఎన్నో ఏళ్ళుగా పుస్తకాల్లో పక్కపక్కనే ఉన్నాయి. ప్రతి లెక్చరరూ ఆ గ్రాఫు బోర్డుమీద గీసినవాడే. ఆక్సిజన్‌ను లొంగదీసినవాడు జినాన్‌ను మాత్రం ఎందుకు లొంగదీయలేడు అని అడిగినవాడు ఒక్కడే.

1962 మార్చి 23, శుక్రవారం. పరికరంలో ఒక పక్క ఎర్రటి ప్లాటినం హెక్సాఫ్లోరైడ్ ఆవిరి, ఇంకో పక్క రంగులేని జినాన్, మధ్య గాజు అడ్డు. సాయంత్రం 6.45 ప్రాంతంలో ఆ అడ్డు పగలగొట్టాడు. వాయువులు కలిసిన మరుక్షణం పసుపుపచ్చని ఘనపదార్థం పేరుకుంది. వేడి లేదు, పీడనం లేదు, గది ఉష్ణోగ్రత. ఎవరికైనా చెబుదామని వరండాలోకి పరుగెత్తితే మనిషి లేడు, అందరూ భోజనాలకు వెళ్ళిపోయారు. ఆనాడు ఆయన రాసిన ఫార్ములా పూర్తిగా సరైంది కాదనీ, అది ఒకే పదార్థం కాక జినాన్-ఫ్లోరిన్ ధనాయానం ఉన్న లవణాల మిశ్రమమనీ తరువాత తేలింది. అయితేనేం, తలుపు తెరుచుకుంది.

ఆ ఏడాదే అమెరికాలోని ఆర్గాన్ నేషనల్ లాబొరేటరీలో క్లాసెన్, సెలిగ్, మామ్ ముగ్గురూ జినాన్ ఒక వంతు, ఫ్లోరిన్ అయిదు వంతులు నికెల్ పాత్రలో 400 డిగ్రీల వద్ద ఒక గంట వేడిచేసి టెట్రాఫ్లోరైడ్‌ను తయారుచేశారు. జర్మనీలో హాపె డైఫ్లోరైడ్ తీశాడు. హెక్సాఫ్లోరైడ్ కూడా వెంటనే వచ్చింది. బార్ట్‌లెట్‌కు కీర్తితోపాటు గాయం కూడా దక్కింది. 1963 జనవరిలో ఆయనా, పి. ఆర్. రావు అనే పరిశోధక విద్యార్థీ కొత్త స్ఫటికాలను ఇంకా బాగా చూద్దామని కళ్ళద్దాలు తీశారు. స్ఫటికాలు పేలాయి. ఇద్దరూ నాలుగు వారాలు ఆసుపత్రిలో ఉన్నారు. బార్ట్‌లెట్ కంటిలోంచి ఆఖరి గాజుముక్క తీసింది 27 ఏళ్ళ తరువాత. ప్రాక్టికల్స్‌లో కళ్ళద్దాలు జేబులో పెట్టుకు తిరిగే మిత్రులు ఇది ఒకసారి గుర్తు చేసుకోవాలి. జినాన్ ట్రైఆక్సైడ్ ఎందుకు పేలుతుందో కూడా చెప్పేస్తాను: అది మూలకాలుగా విడిపోతే మోల్‌కు 402 కిలోజౌళ్ళు బయటికి వస్తాయి. తేమ తగిలిన ఫ్లోరైడ్లు జలవిశ్లేషణ చెంది చివరకు ఆ ఆక్సైడ్‌నే మిగులుస్తాయి.

ఇక అసలు విషయం. ఎనిమిది ఎలక్ట్రాన్లు నిండిన జినాన్ రెండు ఫ్లోరిన్లను ఎలా పట్టుకుంటుంది?

పుస్తకం చెప్పేది మీకు తెలిసిందే. ఒక 5పి ఎలక్ట్రాన్‌ను 5డిలోకి ఎగదోస్తాం. అప్పుడు రెండు ఒంటరి ఎలక్ట్రాన్లు దొరుకుతాయి, రెండు బంధాలు వస్తాయి. ఒక ఎస్, మూడు పి, ఒక డి కలిపి అయిదు సంకర ఆర్బిటాళ్ళు. మూడింటిలో ఒంటరి జంటలు, రెండింటిలో ఫ్లోరిన్లు. అణువు సరళరేఖ. జవాబు సరిపోయింది. ప్రయోగంలోనూ అణువు సరళరేఖే.

ఇప్పుడు ఆ అమ్మాయి అడిగిన అంకె. జినాన్‌లో ఎలక్ట్రాన్‌ను 5పి నుంచి 5డికి ఎత్తాలంటే సుమారు 10 ఎలక్ట్రాన్ ఓల్టులు కావాలి, అంటే మోల్‌కు దాదాపు 960 కిలోజౌళ్ళు. జినాన్ డైఫ్లోరైడ్‌లో ఒక్కో బంధం శక్తి 133 కిలోజౌళ్ళు, రెండూ కలిపి 266. పెట్టుబడి 960, అమ్మకం 266! ఏ కోమటి కొట్టులోనైనా ఈ వ్యాపారం ఒప్పుకుంటారా? సంకరీకరణ పక్షంవారు దీనికీ ఏదో సర్దుబాటు చెబుతారు. కాని కంప్యూటర్లతో చేసిన క్వాంటం లెక్కల్లో డి ఆర్బిటాళ్ళ పాత్ర చాలా స్వల్పమనే తేలుతూ వచ్చింది.

దీనికి ప్రత్యామ్నాయం కొత్తదేమీ కాదు. జినాన్ సమ్మేళనాలు పుట్టకముందే, 1951లో, పిమెంటెల్, రండిల్ వేరువేరుగా ఇంకో దారి చూపించారు. దాన్ని మూడు కేంద్రాల, నాలుగు ఎలక్ట్రాన్ల బంధం అంటారు. చాలా సులువు. జినాన్ తన పి ఆర్బిటాల్ ఒక్కదాన్ని అటూఇటూ చాపుతుంది. కావడి బద్ద అనుకోండి. ఆ కొసన ఒక ఫ్లోరిన్ పి ఆర్బిటాల్, ఈ కొసన ఇంకొకటి. మూడు పరమాణు ఆర్బిటాళ్ళు కలిస్తే మూడు అణు ఆర్బిటాళ్ళు రావాలి: కింద ఒక బంధక ఆర్బిటాల్, మధ్యలో ఒక అబంధక ఆర్బిటాల్, పైన ఒక అపబంధక ఆర్బిటాల్. ఎలక్ట్రాన్లు నాలుగు: జినాన్‌వి రెండు, ఫ్లోరిన్లకు చెరొకటి. రెండు బంధక ఆర్బిటాల్‌లో, రెండు అబంధక ఆర్బిటాల్‌లో కూర్చుంటాయి. పైది ఖాళీ. అంతే. డి ఊసే లేదు.

ఇందులోంచి మూడు సంగతులు వస్తాయి. బంధానికి పనిచేసేది ఒక్క జంటే, దాన్ని రెండు ఫ్లోరిన్లు పంచుకోవాలి. కాబట్టి ఒక్కో జినాన్-ఫ్లోరిన్ బంధం సగం బంధం. రెండోది, అబంధక ఆర్బిటాల్‌లోని జంట పూర్తిగా ఫ్లోరిన్ల మీదే ఉంటుంది, జినాన్ మీద దానికి చోటు లేదు. కాబట్టి ఒక్కో ఫ్లోరిన్ మీద దాదాపు అర రుణావేశం, జినాన్ మీద దాదాపు ఒక ధనావేశం. మూడోది, అణువు సరళరేఖ అని వేరే చెప్పనక్కర్లేదు, కావడి బద్ద వంగదు కదా.

సగం బంధం అనే మాటకు సాక్ష్యం కావాలంటే కొలతలు చూడండి. డైఫ్లోరైడ్‌లో బంధం పొడవు సుమారు 2 ఆంగ్‌స్ట్రాంలు. దానిలోంచి ఒక ఫ్లోరైడ్ అయాన్‌ను లాగేస్తే మిగిలే జినాన్-ఫ్లోరిన్ ధనాయానంలో పూర్తి బంధం ఉండాలి. దాని లవణాల్లో కొలిస్తే 1.84 నుంచి 1.88 ఆంగ్‌స్ట్రాంల ప్రాంతంలో ఉంది. బంధం గట్టిపడింది, పొట్టి అయింది. డి ఆర్బిటాల్ కథ ఈ తేడాను ముందుగా చెప్పదు.

టెట్రాఫ్లోరైడ్‌కు రెండు కావళ్ళు, లంబంగా. అందుకే అది చదరం. ఇంతకంటే చక్కని వివరణ నేను ఎరగను. కాని హెక్సాఫ్లోరైడ్ దగ్గర ఈ ముచ్చట బోల్తా కొడుతుంది. మూడు కావళ్ళు మూడు దిక్కుల్లో పెడితే నిక్కమైన అష్టముఖి రావాలి. ఎలక్ట్రాన్ వివర్తనంలో చూస్తే అణువు వంకర తిరిగి, రూపం మార్చుకుంటూ ఉంటుంది. ఆ సంగతి సరిగా ఊహించింది గిలెస్పీ ఎలక్ట్రాన్ జంటల వికర్షణ సిద్ధాంతం: ఆరు బంధాలు కాక ఏడో జంట ఒకటుంది, దానికీ చోటు కావాలి. కనుక జంటలు లెక్కపెట్టి ఆకారం చెప్పే పద్ధతిని పారేయమని నేను అనడం లేదు. ఆకారానికి అది దివ్యంగా పనిచేస్తుంది. లెక్క కుదిరింది కదా అని డి ఆర్బిటాళ్ళను పిలిచి పీటలమీద కూర్చోబెట్టడంతోనే నా పేచీ. ఒకప్పుడు ఎనిమిది ఎలాగో, ఇప్పుడు మనకు ఎస్‌పి3డి అలాగ.

ఇంకో మాట చెప్పకుండా ఉండలేను. జినాన్ డైఫ్లోరైడ్‌లో వేలన్సీ ఎలక్ట్రాన్లు 22. పొటాషియం అయొడైడ్ ద్రావణంలో అయొడిన్ కరిగించి మన లాబొరేటరీలో సీసాల్లో నింపి ఉంచుతామే, హైపోతో అంశమాపనం చేస్తామే, ఆ గోధుమరంగు ద్రావణంలోని ట్రైఅయొడైడ్ అయాన్‌లోనూ 22. అదీ సరళరేఖే. టెట్రాక్లోరోఅయొడేట్ అయాన్‌లో 36, జినాన్ టెట్రాఫ్లోరైడ్‌లో 36, రెండూ చదరాలే. అయొడేట్‌కు జోడీ జినాన్ ట్రైఆక్సైడ్. ఆవర్తన పట్టికలో జినాన్‌కు పక్కింటివాడు అయొడిన్. పక్కింట్లో ఎనిమిది దాటిన సంసారాలు వంద ఏళ్ళుగా నడుస్తూనే ఉన్నాయి, జినాన్‌ను మాత్రం ఎవరూ అడగలేదు.

అయితే అందరిదీ ఘోటక బ్రహ్మచర్యమేనా? కాదు. క్రిప్టాన్ సంగతి చూడండి. ఫ్లోరిన్ అణువును విడదీయడానికి 158 కిలోజౌళ్ళు ఖర్చు. జినాన్‌తో రెండు బంధాలకు వచ్చేది 266, లాభం 108. క్రిప్టాన్-ఫ్లోరిన్ బంధం ఒక్కోటి సుమారు 49, రెండు 98, అంటే 60 నష్టం. అందుకే క్రిప్టాన్ డైఫ్లోరైడ్‌ను చల్లగా ఉంచి విద్యుత్ ఉత్సర్గంతో బలవంతాన తయారుచేయాలి, గది ఉష్ణోగ్రతలో విడిపోతుంది. అయనీకరణ శక్తులు చూస్తే కారణం తెలుస్తుంది: జినాన్ 12.1, క్రిప్టాన్ 14.0, ఆర్గాన్ 15.8, నియాన్ 21.6, హీలియం 24.6 ఎలక్ట్రాన్ ఓల్టులు. జినాన్ మీద ధనావేశం నిలబెట్టడం తేలిక, పైకి పోయినకొద్దీ కష్టం. మోయ్‌సాన్ ఆర్గాన్‌తో కాక జినాన్‌తో ప్రయత్నించి ఉంటే అని ఎవరైనా అనవచ్చు. ఆయన ప్రయోగం చేసేనాటికి జినాన్ ఇంకా దొరకనే లేదు. ఆర్గాన్‌కు ఒక తటస్థ సమ్మేళనం దొరకడానికి 2000వ సంవత్సరం దాకా ఆగవలసి వచ్చింది. ఫిన్‌లాండులో హెల్సింకి శాస్త్రజ్ఞులు హైడ్రోజన్, ఆర్గాన్, ఫ్లోరిన్ వరసగా ఉన్న అణువును పరమశూన్యానికి కొద్ది డిగ్రీల ఎగువన, గడ్డకట్టిన ఆర్గాన్‌లోనే పట్టుకున్నారు.

ఆర్గాన్‌కు కోపం తెప్పిస్తే మాత్రం వేరే కథ. ఉత్తేజిత ఆర్గాన్‌లో ఒక ఎలక్ట్రాన్ పై కర్పరానికి పోతుంది. దాన్ని పీకివేయడానికి ఇక నాలుగు చిల్లర ఎలక్ట్రాన్ ఓల్టులే చాలు, అంటే పొటాషియంతో సమానం. ఆ క్షణంలో అది క్షారలోహంలా ఫ్లోరిన్‌తో అయానిక బంధం కట్టుకుంటుంది. శక్తి వదలగానే తెగిపోతుంది. అలా వదిలిన కాంతి తరంగదైర్ఘ్యం 193 నానోమీటర్లు. కంటి అద్దాలు అక్కర్లేకుండా చేసే లేజరు శస్త్రచికిత్సలో వాడేది ఆ కాంతినే.

మర్నాడు క్లాసులో అంకె చెప్పాను, 960, 266 బోర్డుమీద పక్కపక్కన రాశాను. కాసేపు నిశ్శబ్దం. తరువాత ఆ అమ్మాయి అడిగింది: "మరి పరీక్షలో ఏం రాయాలి సార్?"

నిజానికి నన్ను కష్టపెట్టింది ఈ ప్రశ్నే. ఎస్‌పి3డి రాయవద్దంటే వాల్యుయేషన్‌లో కీ పట్టుకు కూర్చున్నవారు మార్కులు కోస్తారు. నేనే ఎన్నోసార్లు కోశాను. రాయమంటే, నిన్న చెప్పింది దేనికి? చివరికి ఇలా చెప్పాను: "ముందు ఎలక్ట్రాన్ జంటలు లెక్కపెట్టి ఆకారం రాయి. ఎస్‌పి3డి అన్నది ఆ లెక్కకు పెట్టుకున్న పేరు అని ఒక వాక్యం రాయి. తరువాత మూడు ఆర్బిటాళ్ళ బొమ్మ గీసి, నాలుగు ఎలక్ట్రాన్లు నింపి, సగం బంధం అని చూపించు. కీ ప్రకారం దిద్దేవారికి కావలసింది మొదట్లో దొరుకుతుంది."

ఆమె రాసుకుంది. వెనకనుంచి ఇంకొకడు లేచాడు. "హెక్సాఫ్లోరైడ్ ఇస్తే సార్?"

"అడిషనల్ షీట్ అడుగు నాయనా" అన్నాను. గంట కొట్టారు.